అవ్వ చెప్పిన అంచు

మొన్న కర్ణాటకలోని చింతామణిలో మా చీరల అంగడి మేడమీది గది ఖాళీ చేస్తుంటే, కలరా ఉండల వాసన కొడుతున్న ఇనప బీరువా అడుగు అరలో వంగపండు రంగు పట్టుచీర ఒకటి బయటపడింది. మడత విప్పితే లోపల రెండు సినిమా డిస్కులు. రెండూ ఒకే సినిమావి. ఒకటి మామూలు డీవీడీ, ఒళ్ళంతా గీతలు, అట్ట మీద కథానాయిక ముఖం సగం వెలిసిపోయింది. రెండోది నీలం పెట్టెలో పెట్టిన బ్లూరే, నిన్ననే కొన్నట్టు తళతళలాడుతోంది. పక్కన సాయం చేస్తున్న మా తమ్ముడి కూతురు మేఘన రెండింటినీ తిప్పి తిప్పి చూసి, "ఒక సినిమాకి రెండు డిస్కులెందుకత్తా? ఈ నీలంది తాత బెంగళూరికి పోయి అంత దుడ్డు పోసి తెచ్చినాడంట గదా. ఏమన్నా తేడా తెలిసిందా మీకు?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. తెలిసిందనీ చెప్పలేను, తెలియలేదనీ చెప్పలేను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి.

అవ్వ అంటే మా నాన్నను కన్న తల్లి. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నాన్నే అయినా అంగడికి పెద్ద ఆమే. పొద్దున్నే స్నానం చేసి, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని, వక్కాకు సంచి చంకన పెట్టుకుని వచ్చి పరుపు మీద గోడకానుకుని కూర్చునేది. కొత్త పట్టుకుండే పచ్చి వాసన, అవ్వ నమిలే వక్కాకు వాసన, పక్కంగడిలో వేయించే కాఫీ గింజల వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు మా అంగడి. చీరను ఆమె అరచేత్తో పట్టి చూసేది కాదు, చేతి వెనకవైపుతో తడిమేది. "అరచెయ్యి పనిజేసి మొద్దుబారి ఉంటాది పాపా. యెనకపక్క అబద్ధం చెప్పదు" అనేది. ఆ చేతి వెనకవైపు సరే అన్న చీర మా అంగడి నుంచి వెళ్ళి తిరిగొచ్చిన దాఖలా లేదు. నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కుదిరితే, "చింతామణిలో అవ్వ అంగడికి పోదాం పదండి" అనేవాళ్ళు గానీ, మేం బోర్డు మీద రాయించుకున్న పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు.

ఆ రోజుల్లో పెళ్ళికూతుళ్ళు మొదట అడిగేది రంగూ కాదు, జరీ కాదు. ఫలానా సినిమాలో పెళ్ళి పాటలో కట్టింది చూడండీ, అట్లాంటిది కావాలి అనేవాళ్ళు. మిగతా అంగళ్ళలో చేతికొచ్చిన చీర విప్పి "ఇదేనమ్మా అది" అని అంటగట్టేవాళ్ళు. అవ్వ ఒప్పుకునేది కాదు. పెళ్ళి చీర దగ్గర అబద్ధమాడితే పాపం చుట్టుకుంటుందని ఆమె నమ్మకం. అందుకని నాన్న ఆ సినిమా డిస్కు కొనుక్కొచ్చేవాడు. మంగళవారం మా అంగడికి సెలవు. ఆ మధ్యాహ్నం సంగటీ, బస్సారనే ఆకుకూర చారూ తిని, చాప పరిచి, టీవీ మీద కప్పిన అల్లిక గుడ్డ తీసి పక్కన పెట్టి, హాస్టల్లో చదివే తమ్ముడు తప్ప ఇంటిల్లిపాదీ అంచు చూడ్డానికి కూర్చునేవాళ్ళం. కథ ఎవరికీ అక్కర్లేదు. నాన్న రిమోట్ పట్టుకుని పాట దగ్గరికి పరిగెత్తించి, చీర బాగా కనపడిన చోట బొమ్మ ఆపేవాడు. టీవీకి మూరెడు దూరంలో పీట మీద అవ్వ, ఒళ్ళో చేటలో చెనిక్కాయలు. వెనక చాప మీద గళ్ళ కాగితం, పెన్సిలు పట్టుకుని నేను. డిగ్రీ అయి, ఇంకా ఏ ఉద్యోగమూ దొరకని రోజులు నావి, బొమ్మలు కొంచెం గీస్తానని ఆ పని నాకు అప్పజెప్పారు. అమ్మ కాఫీ కలుపుతూ వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసేది.

దానికొక కట్టుబాటు ఉండేది. అవ్వ చూసి, ఇది ఫలానా అంచు అని తన నోటితో చెప్పేదాకా ఎవరూ పెదవి కదపకూడదు. చెప్పాక కాదనకూడదు. పెద్దల మాట చద్దిమూట అంటారు కదా, మా ఇంట్లో ఆ మూట విప్పి చూసే అలవాటు కూడా లేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు నేను గళ్ళలో గీస్తే ఆ కాగితం ధర్మవరం వెళ్ళేది. అక్కడ నారాయణప్ప అనే నేతగాడు దాన్ని చూసి మగ్గానికెక్కించేవాడు. "అవ్వ చెప్పినంక నాకు సినిమాతో పనేముండాది తల్లీ" అనేవాడు, మా ఇంటికొచ్చినప్పుడల్లా.

అట్లా ఉండగా ఒకరోజు బాగేపల్లి నుంచి తల్లీకూతుళ్ళు వచ్చారు. తల్లి పెళ్ళి చీర కూడా అవ్వ చేతి మీదుగా పోయిందే. కూతురు సుమిత్ర సన్నగా, చురుగ్గా, మాటకు ముందు నవ్వే పిల్ల. పెళ్ళికి రెండు నెలలుంది. అప్పుడే వచ్చిన ఒక సినిమాలో కథానాయిక పీటల మీద కట్టిన వంగపండు రంగు చీర మీద మనసు పారేసుకుంది. "అవ్వా, మూడు తూర్లు చూసినా ఆ సినిమా. చీర కోసరమే. వేరేది కట్టను" అంది. "యేమే, మొగుణ్ణి గూడా మూడు తూర్లు చూసి ఒప్పుకున్నెవా?" అని అవ్వ ఎగతాళి చేసింది. ఆ పిల్ల సిగ్గుపడి తల్లి వెనక్కి పోయింది.

ఆ మంగళవారం నాన్న ఈ మామూలు డిస్కునే పెట్టాడు. బొమ్మ ఆపితే గాజు వెనక వణుకుతూ నిలబడింది. అవ్వ ముందుకు వంగింది, ఇంకా వంగింది, ముక్కు టీవీకి తగులుతుందేమో అనిపించింది. చాలాసేపు చూసి, "పిందెలప్పా. మామిడి పిందెలు. వంపు తిరిగి ఒకదాని యెనక ఒకటి పోతాండాయి" అంది. నాకేమో ఆ వంపు కొసన చిన్న ఎర్ర చుక్క కనపడింది. దానికి కాస్త పైన, కన్నులాగా నల్లటి చుక్క. చిలక అని మనసులో తోచింది. నాన్న వైపు చూశాను. నాన్న టీవీని చూడడం లేదు, అవ్వ నోటినే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ అనుభవం ముందు నిన్నగాక మొన్న పెన్సిలు పట్టిన నా కళ్ళెంత అనుకున్నాను. ఆ ఎర్ర చుక్కను డిస్కు మీది మరక కింద లెక్క కట్టి, నా చేత్తోనే వరసగా మామిడి పిందెలు గీశాను. పైగా ఎంత శ్రద్ధగా గీశానో! ఆ కాగితం ఇప్పుడు తలచుకున్నా నన్ను నేను రెండు మొట్టికాయలు మొట్టుకోవాలనిపిస్తుంది.

నిజానికి అప్పటికి చాలా రోజులుగా ఇంట్లో చిన్న చిన్న తేడాలు జరుగుతున్నాయి. అవ్వ ఏరిన బియ్యంలో రాళ్ళు పడేవి. పట్టపగలు లైటు వెయ్యమనేది. "ఈ నడుమ కరెంటోళ్ళు సారం లేని కరెంటు ఇస్తాండారు" అని విసుక్కునేది. డిస్కు పెట్టినప్పుడల్లా, "యేందిరా ఇది, పొగలో తీసినట్టుండాది" అనేది. నాన్న అదే నిజమనుకున్నాడు. మామూలు డిస్కులు అంతే, వాటిలో పస లేదు, పట్నంలో ఏదో కొత్త రకం వచ్చిందంట అని నాలుగైదు సార్లు అన్నాడు. కన్నతల్లి కళ్ళను అనుమానించడం కంటే ప్లాస్టిక్ బిళ్ళను అనుమానించడం తేలిక. నాన్నను నేను తప్పు పట్టను.

చీర నేసి వచ్చింది. సుమిత్ర ఆశగా మడత విప్పి, కొంగు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "అవ్వా, ఇవి పిందెలు. దాంట్లో ఉండేటివి చిలకలు గదా" అంది మెల్లగా. తల్లి గదమాయించింది: "ఊరుకో. అవ్వకు తెలీనిది నీకు తెలుసునా?" ఆ పిల్ల చీర మీద రెండు కన్నీటి బొట్లు పడకుండా కొంగు పక్కకు జరిపింది. అంత దుఃఖంలోనూ పట్టు తడుస్తుందని ఆలోచించింది చూడండి. అవ్వ చేతి వెనకవైపుతో ఆ అంచును తడుముతూ ఉండిపోయింది. నాన్న లేచి, "తప్పు అమ్మది కాదమ్మా, డిస్కుది. పెండ్లి లోపల చిలకల అంచు నేయించి బాగేపల్లికి నేనే తెచ్చిస్తాను" అని మాటిచ్చాడు. మర్నాడు అవ్వ అంగడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. "నేనొచ్చి యేం చేసేది? ఇంక నా మాట యెవురు నమ్ముతారు?" అంటూ వక్కాకు సంచి గూటిలో పెట్టేసింది. పరుపు మీద ఆ చోటు ఖాళీగా ఉంటే, వచ్చినవాళ్ళు చీర అడిగే ముందు "అవ్వ యాడ?" అని అడిగేవాళ్ళు.

నాన్న తట్టుకోలేక బెంగళూరికి బస్సెక్కాడు. అక్కడ అంగడివాడు అరచేతిలో వైకుంఠం చూపించాడు. వెంట్రుక వెంట్రుకా కనపడుతుంది సార్, మామూలు డిస్కు ఇక పారేసుకోవచ్చు అన్నాడట. నాన్న కొత్త ప్లేయరు, ఈ నీలం పెట్టె డిస్కు పట్టుకుని పెళ్ళికొడుకులాగా దిగాడు. ఎరుపు, తెలుపు, పసుపు తీగలు మా డబ్బా టీవీకి తగిలించి పెడితే, అదే బొమ్మ, అదే వణుకు. అమ్మ కాఫీ గ్లాసులు కింద పెట్టి, "కొండను తవ్వి యెలకను పట్టినట్టుండాది" అంది. అంగడి పక్కన టీవీలమ్మే రమేశును పిలిస్తే, వచ్చి చూసి నవ్వాడు. "అన్నా, చెంబుతో పోసినా బిందెతో పోసినా లోటా పట్టేది లోటా నీళ్ళే గదా. నీ టీవీ లోటా. మా అంగట్లో పలక టీవీ ఉండాది, అవ్వను పిల్చుకుని రా. అప్పుడు చూస్తువు" అన్నాడు.

అవ్వను బతిమాలి తీసుకెళ్ళాం. వింత చూద్దామని బజారులో నలుగురైదుగురు కూడా వచ్చి నిలబడ్డారు. రమేశు పాట పెట్టి బొమ్మ ఆపాడు. ఎవరో "ఓయమ్మా!" అన్నారు. చీర మన ముందే ఆరేసినట్టుంది. చిలకలు! ఈకలు లెక్కపెట్టవచ్చు. ఎర్రటి ముక్కులు, ముక్కుల కింద జరీ పోగు కూడా. అవ్వ ముందుకు వంగి, కళ్ళు చికిలించి, తృప్తిగా వెనక్కి జరిగింది. "పిందెలే గదప్పా. నేను చెప్పలే?" అంది.

నాన్న గొంతు సవరించుకుని, "అవునమ్మా. పిందెలే" అన్నాడు. చీర విషయంలో మా నాన్న అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. కానీ కొడుకు గొంతులో తేడా తల్లికి తెలియకుండా ఉంటుందా? అవ్వ ముఖం మారింది. "యేమిట్లా అందురూ ఉలుకూ పలుకూ లేకుండా ఉండారు?" అని అటూ ఇటూ తిరిగి, నేనున్న వైపు ముఖం పెట్టి, "పద్దూ, నువ్వు చెప్పు. యేముండాది దాంట్లో?" అని అడిగింది. వద్దని నాన్న కళ్ళతోనే వేడుకున్నాడు. అవునంటే ఆ పూట గడిచిపోతుంది. కానీ బాగేపల్లి పిల్ల కొంగు పక్కకు జరపడం గుర్తొచ్చింది. "చిలకలు, అవ్వా" అన్నాను.

"ముక్కులు యెర్రగా ఉండాయా?"

"ఉండాయి అవ్వా."

అవ్వ తలూపింది. చీరలో మచ్చ దొరికినప్పుడు ఎట్లా చెప్పేదో, అదే గొంతుతో, "అట్లయితే డిస్కు మంచిదేనప్పా. చెడిండేది నా కండ్లే" అంది. "నీ దుడ్డు దండగ కాలేదులేరా" అని నాన్న భుజం తట్టింది. అంగడి మెట్టు దిగేటప్పుడు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కాలితో మెట్టును తడిమి తడిమి దిగింది. ఆ తడమడం కొత్తది కాదనీ, మేం ఎవ్వరం గమనించలేదనీ అప్పుడు తెలిసొచ్చింది. దారిలో నాన్న నా మీద విరుచుకుపడ్డాడు: "అంతమందిలో చెప్పల్నా? ఇంటికి పోయినంక చెప్తే నీ సొమ్మేం పోతాది?" అవ్వ నడక ఆపింది. "ఆ బిడ్డను యేమీ అనొద్దు. నడిబజారులో అబద్ధమాడింది నువ్వు" అంది.

చిక్కబళ్ళాపురం కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి, ఎప్పుడో రావలసింది అని కన్నడలో చెప్పింది. నాన్న బయట బల్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "డిస్కును తిట్టుకుంటా కూర్చున్నెనే" అన్నాడు. ఒక కంటికి ముందు ఆపరేషను చేసి, కొన్నాళ్ళాగి రెండోదానికి చేశారు. ఈలోగా నేను గీసిన చిలకలు ధర్మవరం వెళ్ళి, నారాయణప్ప వేరే పని పక్కన పెట్టి మగ్గం మీద కూర్చుని, పెళ్ళికి నాలుగు రోజుల ముందు చీర దించాడు. నాన్న అన్న మాట ప్రకారం తానే బాగేపల్లికి పట్టుకెళ్ళి ఇచ్చాడు. సుమిత్ర చీరను భుజాన వేసుకుని, "అవ్వకు కండ్లొచ్చినంక నన్ను చూసేదానికి రమ్మని చెప్పండి" అందట.

కళ్ళకు కట్లు విప్పి, పచ్చ అద్దాలు పెట్టి ఇంటికి తెచ్చిన కొన్నాళ్ళకు, ఒక మంగళవారం మధ్యాహ్నం అవ్వ, "ఆ సినిమా పెట్టురా" అంది. నాన్న ఆత్రంగా నీలం పెట్టె తీశాడు. "అది కాదు. పాతది. మన టీవీలోనే పెట్టు" అంది. ఈసారి ఆమె పీట టీవీ దగ్గర వేసుకోలేదు, వెనక గోడకానుకుని నా పక్కన కూర్చుంది. నాన్న బొమ్మ ఆపాడు. అదే వణుకు, అదే మసక. అవ్వ అంత దూరం నుంచి చూసి, "చిలకలు" అంది. కాసేపటికి మళ్ళీ, "దీంట్లోనే ఉండాయి గదరా" అంది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది. ఆ పచ్చ అద్దాల వెనక కళ్ళు ఎంత పెద్దవిగా ఉన్నాయో, వాటి నుంచి తప్పించుకునే దారి లేదు.

"పద్దూ, ఆ పొద్దు నువ్వు గీసేటప్పుడు ఇవి నీకు కనపడలేదా?"

"కనపడినాయి అవ్వా."

"మరి?"

"నువ్వు పిందెలన్నెవు గదా."

అవ్వ ఒక చెనిక్కాయ ఒలిచింది, గింజలు నా చేతిలో పోసింది. "నీ పాసుగాల! నా కండ్లు పోయి రెండేండ్లయింటాది. నీ నోరు యెప్పుడు పోయిందే?" అంది.

ఆ మాటకు అమ్మ వంటింట్లోంచి పకపకా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. నేను నవ్వబోయి ఏడ్చాను, అవ్వ తన కొంగుతో నా ముఖం తుడిచింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కట్టుబాటు తిరగబడింది. అంచు చూసినప్పుడు ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు మొదట చెప్పాలి. తర్వాత అమ్మ, తర్వాత నాన్న. అవ్వ చిట్టచివర. ఎంత తోచినా ఆమె అప్పటిదాకా వక్కాకు నములుతూ నోరు మెదిపేది కాదు. మళ్ళీ అంగడికొచ్చి తన చోట కూర్చుంది. పిందెల చీరను ఎవరికీ అమ్మనివ్వక తానే కట్టుకుని కైవారం గుడికి వెళ్ళొచ్చింది. అంచు బాగుంది, ఎక్కడిదని ఎవరైనా అడిగితే దాచేది కాదు. "కండ్లు లేని పొద్దు నేను చూసిన అంచు తల్లీ ఇది. బాగుండాది గానీ వేరే యెవురికీ అంటగట్టకూడదు" అనేది. మొన్న బీరువాలో దొరికింది ఆ చీరే. అవ్వ పోయి చాలా కాలమైంది. పోయేదాకా సూదిలో దారం తానే ఎక్కించుకుంది.

ఇదంతా విని మేఘన, "అంటే నీలం డిస్కు దండగా, కాదా? తేల్చి చెప్పత్తా" అని పట్టుబట్టింది. ఏం తేల్చను? చిలకలు పాత డిస్కులోనూ ఉన్నాయి. కానీ నాన్న అంత తెగించి ఆ కొత్తది తేకపోతే, అవ్వ ఇంకెన్నాళ్ళు కరెంటువాళ్ళను తిట్టుకుంటూ మెట్లు తడుముకునేదో! ఆ బిళ్ళకు నేను రోజూ దండం పెట్టినా తప్పులేదు. ప్లేయరు ఎప్పుడో చచ్చిపోయింది గనక, మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో మామూలు డిస్కే పెట్టాం. అది కాసేపు గురగురమని, చివరికి దయతలచి తిరిగింది. "ఫోన్లో అయితే ఎంత క్లియర్‌గా వస్తాదో తెలుసా" అని మేఘన గొణుక్కుంటూనే పాట దగ్గర బొమ్మ ఆపింది. మా ఇంటి కట్టుబాటు ప్రకారం, "నువ్వు మొదట చెప్పు. ఏమున్నాయి?" అన్నాను.

"చిలకలు" అంది. అని ఊరుకోలేదు. తల పక్కకు వాల్చి ఇంకా చూసి, "అన్నీ ఒకపక్కకు పోతాండాయి గానీ, ఆ నాలుగోది చూడత్తా, యెనక్కి తిరిగిండాది. నేసినాయన తప్పు నేసినట్టుండాడు" అంది.

వెనక్కి తిరిగిన చిలకా? అవ్వ చూడలేదు, నాన్న చూడలేదు, గళ్ళు లెక్కపెట్టి గీసిన నేనూ చూడలేదు. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని ముందుకు వంగాను. ఇంకా వంగాను, ముక్కు తెరకు తగిలేదాకా వంగాను. నాకు మాత్రం అన్నీ ఒకవైపే పోతున్నాయి, వాటి చుట్టూ సన్నగా పొగ.

"యేందత్తా, కనపడలేదా?"

అవును, కనపడింది అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"లేదు తల్లీ, కనపడలేదు" అన్నాను. రేపు పొద్దున చిక్కబళ్ళాపురానికి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కుని రమ్మన్నాను.